మంత్రి గారూ, ఈ నోట్‌బుక్కు నా సొరుగులో ఉండొద్దు

తెలంగాణ ఐటీ శాఖ మంత్రి దుద్దిళ్ల శ్రీధర్‌బాబు గారికి



కాగజ్‌నగర్ రైల్వే స్టేషన్ నుంచి నడిచొచ్చేంత దూరంలో నాకొక ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్ ఉంది. మూడు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషను. తెలివైన దొంగైతే ఇవన్నీ వదిలేసి, సొరుగులో ఉన్న లాంగ్ నోట్‌బుక్కు ఒక్కటి పట్టుకుపోతాడు. అట్ట ఊడిపోతే టేపేసి అతికించిన ఆ నోట్‌బుక్కు నిండా పేర్లు, ఫోన్ నంబర్లు, యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు. కొన్ని మా ఊరివాళ్లవి. కౌటాల, బెజ్జూరు, దహెగాం, సిర్పూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లవి కొన్ని. స్కాలర్‌షిప్పులవి, ఉద్యోగ దరఖాస్తులవి, భూమి కాగితాలవి, రైలు టికెట్లవి.

దొంగచాటుగా రాసుకున్నవి కావు. వాళ్లే రాసిపెట్టమన్నారు. "నా కాడుంటే పోతది తమ్మీ, నీ కాడనే ఉండనీ" అని. కాగజ్ అంటే కాగితం. ఊరి పేరు నిలబెట్టడానికా అన్నట్టు మా రహస్యాలన్నీ కాగితం మీదే ఉన్నాయి.

2014లో పేపర్ మిల్లు మూతపడ్డప్పుడు ఈ నోట్‌బుక్కు మొదలైంది. అంతకుముందు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హాల్‌టికెట్ల పిల్లలే. మిల్లు సైరన్ ఆగిపోయాక వాళ్ల తండ్రులూ వచ్చారు. ఇరవై ఏళ్లు మిషన్ల మీద పనిచేసినవాళ్లు జీవితంలో మొదటిసారి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాల్సొచ్చింది. దరఖాస్తుకు ఈమెయిల్ కావాలి, ఈమెయిల్‌కు పాస్‌వర్డు కావాలి. అప్పటికప్పుడు నేనే ఒకటి పెట్టేవాణ్ని. చీటీ మీద రాసిచ్చేవాణ్ని. వారం తర్వాత చీటీ పోగొట్టుకుని వచ్చేవాళ్లు. నాలుగోసారికి నోట్‌బుక్కు కొన్నాను. 2018లో మిల్లు మళ్లీ తెరిచారు గానీ నోట్‌బుక్కు మూతపడలేదు.

ఆ పాస్‌వర్డులు ఎలా ఉంటాయో చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. మనిషి పేరు, అందులో మొదటి అక్షరం పెద్దది, పక్కన ఎట్ గుర్తు, ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు. పేజీలకు పేజీలు ఇదే వరస. సైటువాడు పెద్దక్షరం ఒకటి ఉండాలన్నాడు, ఉంది. అంకె ఉండాలన్నాడు, ఉంది. గుర్తు ఉండాలన్నాడు, అదీ ఉంది. ఎనిమిది అక్షరాలు దాటాయి. పచ్చగీత వచ్చి 'బలమైన పాస్‌వర్డు' అని మెచ్చుకుంటుంది కూడా. ఊళ్లో ఒక్కరిది తెలిస్తే అందరిదీ తెలిసినట్టే. కొన్ని సైట్లు మూడు నెలలకోసారి మార్చమంటాయి. అప్పుడు మూడు కొట్టేసి నాలుగు రాస్తాను. ఒకాయన వరసలో నేను పదకొండు దాకా వచ్చాను. ఇలా గడువు పెట్టి బలవంతంగా పాస్‌వర్డు మార్పించడం వల్ల లాభం లేదని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. దొంగతనం జరిగిందని అనుమానం ఉంటేనే మార్పించండి, పెద్దక్షరం చిన్నక్షరం పేచీలు మానేసి పొడవుగా పెట్టుకోనివ్వండి అంది. ఆ మాట ఇంకా మా షాపు దాకా రాలేదు.

సార్, మీ శాఖ మీద ఫిర్యాదు రాసి పత్రికకెక్కడం నా ఉద్దేశం కాదు. ఈ పదిహేనేళ్లలో ఇంటర్నెట్‌కు తాళాలు వేయడం అనే పెద్ద పని జరిగింది, చాలావరకు బాగానే జరిగింది. ఆ తాళం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో మా కౌంటర్ దగ్గర నిలబడితే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుంటే కనిపించదని నా అనుమానం.

ముందు జరిగిన మంచి చెప్తాను. అందులో నాకు కాస్త సొంత అనుభవం కూడా ఉంది.

2010 ప్రాంతంలో షాపులో గిరాకీ లేనప్పుడు తెలుగు వికీపీడియాలో రాసేవాణ్ని. మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలు రెండేసి వాక్యాలతో ఖాళీగా ఉండేవి, వాటికి నాలుగు ముక్కలు కలిపేవాణ్ని. 2003 డిసెంబర్‌లో పుట్టిన ఆ తెలుగు విజ్ఞాన సర్వస్వాన్ని జీతం లేకుండా రాసేవాళ్లే నడుపుతున్నారు. అప్పట్లో మేమంతా మామూలు హెచ్‌టీటీపీ మీదే లాగిన్ అయ్యేవాళ్లం. హెచ్‌టీటీపీ అంటే మన కంప్యూటర్ నుంచి సర్వర్ దాకా మాట తెరిచిన ఉత్తరంలా పోతుంది, దారిలో ఎవరి చేతికి తగిలితే వాళ్లు చదువుకోవచ్చు. 2010 అక్టోబర్‌లో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే, ఒకే వైఫై మీద కూర్చున్న పక్కవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి రెండు నొక్కుల్లో వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డు తెలియనక్కర్లేదు.

ఎట్లా అంటే, ఒకసారి లాగిన్ అయ్యాక సైటు మన బ్రౌజర్ చేతిలో ఒక గుర్తు పెడుతుంది. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు బయటికి పోయేటప్పుడు గేటు దగ్గర చీటీ ఇస్తారు చూడండి, అట్లాంటిది. అది చూపిస్తే మళ్లీ టికెట్ అడగరు. ఆ రోజుల్లో చాలా సైట్లు పాస్‌వర్డు వెళ్లే ఒక్క క్షణం తాళం వేసి, ఆ తర్వాత చీటీని మాత్రం బట్టబయలుగా పంపేవి. ఫైర్‌షీప్ ఆ చీటీలు ఏరుకునేది. దాన్ని తయారుచేసినాయన దొంగలకు సాయం చేద్దామని చేయలేదు, పెద్ద కంపెనీల పరువు తీస్తే గానీ కదలవని చేశాడు. పరువు పోయింది, కదిలాయి.

వికీపీడియాను కదిలించింది వేరే సంగతి. 2013లో అమెరికా నిఘా సంస్థ కాగితాలు బయటపడ్డప్పుడు, జనం ఇంటర్నెట్‌లో ఏం చదువుతున్నారో చూడగల ఒక ఏర్పాటు గురించిన చిత్రంలో వికీపీడియా బొమ్మ కూడా ఉంది. ఆ ఆగస్టు 28 నుంచి లాగిన్ అయినవాళ్లను తాళమున్న హెచ్‌టీటీపీఎస్ మీదికి మార్చారు. రెండేళ్లకు, 2015 జూన్ 12న, చదివేవాళ్లతో సహా అందరికీ ఇక తాళమే అని ప్రకటించారు. నడుమ రెండేళ్లు ఊరికే పోలేదు. తాళం వేయాలంటే పేజీ రాకముందే బ్రౌజరు, సర్వరు రెండూ ఒకరినొకరు పరిచయం చేసుకుని తాళంచెవి కుదుర్చుకోవాలి. అప్పటి మా నెట్‌లాంటి నీరసపు కనెక్షన్ల మీద ఆ రాకపోకలే భారం. చైనా, ఇరాన్‌లాంటి చోట్ల తాళమేసిన సైటు అసలు తెరుచుకోకపోతే ఎట్లా అన్న ప్రశ్న ఒకటి. సర్టిఫికెట్ల ఖర్చు చిన్న సంస్థలకు ఇంకో ప్రశ్న. ఖర్చు గొడవ 2015 చివర్లో తీరింది, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ సర్టిఫికెట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జూలైలో క్రోమ్ బ్రౌజర్ తాళం లేని ప్రతి సైటు పక్కన 'సురక్షితం కాదు' అని రాయడం మొదలెట్టాక మిగిలినవాళ్లూ దిగొచ్చారు.

మా షాపుకు దీనివల్ల ఒరిగిందేమిటంటే, నా మూడు కంప్యూటర్లను కలిపే డబ్బాకు ఇంకో వైరు తగిలించి ఎవడైనా వినాలనుకున్నా ఇప్పుడు వాడికి చాలావరకు రొద తప్ప ఏమీ వినపడదు. పదిహేనేళ్ల కింద వినపడేది. ఇది చిన్న సంగతేం కాదు.

ఇక చెడు.

మొదటిది తాళానికి గడువు తీరడం. సర్టిఫికెట్ అంటే ఈ సైటు ఫలానావాళ్లదే అని మూడోవాడు ఇచ్చే పూచీ. దానికి తేదీ ఉంటుంది. తేదీ దాటితే బ్రౌజరు ఎర్రగా అరుస్తుంది. సర్కారు సైట్లలో ఇది అప్పుడప్పుడూ జరుగుతుంటుంది, చివరి తేదీ దగ్గరపడ్డ రోజునే జరిగినట్టు అనిపిస్తుంది. ఆ రోజు నా ఎదుట ఇరవైమంది పిల్లలుంటారు. నేనేం చేస్తాను? 'అడ్వాన్స్‌డ్' మీద నొక్కుతాను, కింద చిన్నక్షరాల్లో ఉన్న 'ప్రొసీడ్' మీద నొక్కుతాను, దరఖాస్తు పెట్టేస్తాను. వెనక నిలబడ్డ పిల్లలు చూస్తుంటారు. ఎర్ర తెర వస్తే దాటిపోవాలన్నమాట అని నేర్చుకుంటారు. రేపు నిజంగా దొంగసైటు తగిలినప్పుడూ అట్లాగే దాటిపోతారు. ఆ పాఠం చెప్పిన పంతులును నేనే.

ఇది ముందుముందు ఇంకా ఎక్కువవుతుంది. బ్రౌజర్లు చేసేవాళ్లు, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు కలిసి 2025 ఏప్రిల్‌లో ఒక తీర్మానం చేశారు. అప్పటికి ఏడాదికి పైగా ఉన్న సర్టిఫికెట్ గడువు 2026 మార్చి నుంచి 200 రోజులకు, 2027లో 100 రోజులకు, 2029 మార్చికల్లా 47 రోజులకు దిగుతుంది. దొంగ చేతిలో పడ్డ తాళంచెవి ఎక్కువ రోజులు పనికిరాకుండా చేయడానికి. మంచిదే. కానీ ఫైలు కదిలి, సంతకమై, టెండరైతే గానీ సర్టిఫికెట్ మారని ఆఫీసుల్లో నెలన్నరకోసారి ఈ పని ఎవరు చేస్తారు? మనిషి చేసే పని కాదది, సర్వరే తనంతట తాను చేసుకునేలా ఇప్పుడే అమర్చాలి. రాష్ట్రంలో ఎన్ని సైట్లున్నాయో, ఏ సర్టిఫికెట్ ఏ తేదీకి తీరుతుందో ఒక్క జాబితా ఒక్కచోట ఉండేలా మీ శాఖే పూనుకోవాలి.

పూచీ ఇచ్చేవాడు కూడా తప్పు చేయొచ్చన్నది మన దేశమే లోకానికి ఒకసారి చూపించింది. 2014 జూలైలో ఢిల్లీలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ల విభాగం నుంచి గూగుల్ పేరు మీద గూగుల్ అడగని సర్టిఫికెట్లు వచ్చాయి. గూగుల్ కనిపెట్టింది, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ల మీద అజమాయిషీ చేసే మన కంట్రోలర్ ఆ విభాగం సర్టిఫికెట్లు రద్దు చేశారు. మొదలెట్టింది ఎవరో బయటివాళ్లయినా ముద్ర మాత్రం మనవాళ్లది.

రెండోది తాళం బొమ్మ. నా షాపు గోడకు చాలా ఏళ్లు ఒక కాగితం ఉండేది. 'సైటు పక్కన తాళం బొమ్మ ఉందో లేదో చూసి డబ్బులు కట్టండి' అని పెద్దక్షరాల్లో నేనే ప్రింటు తీసి అంటించాను. ఉచితంగా సర్టిఫికెట్ దొరికే రోజుల్లో దొంగసైటువాడు కూడా పది నిమిషాల్లో తాళం బొమ్మ తెచ్చుకుంటాడు. మాట దారిలో ఎవరూ వినరన్న హామీ వరకే ఆ బొమ్మది, అవతల ఉన్నవాడు మంచివాడన్న హామీ కాదు. దొంగ స్టాంపు కాగితాల కుంభకోణంలో తెల్గీ అమ్మిన కాగితాలను ఎవరూ దారిలో తెరిచి మార్చలేదు, అచ్చయ్యేటప్పుడే దొంగవి. జనం ఈ తేడా పట్టుకోలేకపోతున్నారని 2023 సెప్టెంబర్‌లో క్రోమ్‌వాళ్లే ఆ బొమ్మ తీసేశారు. నేను నా కాగితం చింపేశాను. దాని స్థానంలో ఏం రాయాలో ఇప్పటికీ తోచలేదు.

'చివర గవ్ డాట్ ఇన్ ఉందో చూడండి' అని రాద్దామనుకున్నాను. కానీ కరెంటు బిల్లుకు ఒక తోక, బస్సు టికెట్‌కు ఇంకో తోక. పైగా 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పేరు మార్పు మీద నాకు పేచీ లేదు, అది మీ రాజకీయం. కానీ ఒక పొద్దున వచ్చేసరికి షాపులో దాచుకున్న సగం సైట్ల చిరునామాలు పాతవైపోయాయి. వెతికితే పాతదీ కొత్తదీ కలగలిసి వచ్చాయి. ఏది అసలో చెప్పమని జనం నన్నడిగారు. నేను గూగుల్‌ను అడిగాను. పౌరుడు డబ్బు కట్టే, లాగిన్ అయ్యే ప్రతి తెలంగాణ సైటూ ఒక్క తోకతో ముగిసేటట్టు చేస్తే నా గోడకు ఒక్క వాక్యం సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తాళం నా కంప్యూటర్ నుంచి హైదరాబాద్ సర్వర్ దాకా ఉంది. మనిషి నోటి నుంచి నా కంప్యూటర్ దాకా లేదు.

ఒక పొద్దున కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఇరవైమంది లైన్‌లో ఉంటారు. జిరాక్స్ మిషను చప్పుడు. లైన్‌లో నాలుగో మనిషిగా ఉన్న పెద్దాయన, ముందు మనిషి భుజం మీంచి కేకేసి తన పాస్‌వర్డు చెప్తాడు. "పేరు గొట్టు, దాని పక్కన గా జిలేబీ లెక్క ఉంటది సూడు, అది గొట్టు, ఒకటి రెండు మూడు!" ఎట్ గుర్తుకు మా దగ్గర జిలేబీ అని పేరు. లైన్‌లో ఎవరూ తల తిప్పి కూడా చూడరు, ఎందుకంటే వాళ్లందరిదీ అదే జిలేబీ.

ఓటీపీ సంగతి ఇంకోటి. మా మండలంలో నజ్రుల్‌నగర్ వైపు బెంగాలీ కుటుంబాలున్నాయి, తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఊళ్లో ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లున్నారు. నది దాటితే మరాఠీ, అడవి వైపు గోండి. వీళ్లందరికీ మెసేజీ వచ్చేది ఇంగ్లిష్‌లో. ఆ మధ్య ఒకావిడ ఫోను నా చేతికిచ్చి, "కొడుకా, ఏం రాసిండ్రో సదువు" అంది. చదివాను. మీ ఓటీపీ ఇది, దీన్ని ఎవరికీ చెప్పకండి అని రాసి ఉంది. ఎవరికీ చెప్పొద్దన్న సంగతి ఆమెకు తెలియాలంటే ముందు నాకు చెప్పాలి. నేను ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించి, ఆ వెంటనే ఆ అంకెలు టైపు చేశాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఓటీపీ దేనికి వచ్చిందో, స్కాలర్‌షిప్‌కో, సిమ్‌కార్డుకో, బ్యాంకుకో ఆమెకు తెలిసే దారి నా ముఖం చూడటం ఒక్కటే. నేను మంచివాణ్ననే అనుకుంటున్నాను. నా పక్క షాపువాడి సంగతి నేను చెప్పలేను, నా సంగతి అతనూ చెప్పలేడు.

ఫోను నంబరు మీదే అన్నీ కట్టడం వల్ల ఇంకో తిప్పలు. ఇంటికొక ఫోను, అది కొడుకు జేబులో ఉంటుంది. కొడుకు పనికి బల్లార్షా పోతే లాగిన్ కూడా బల్లార్షా పోయినట్టే. రీచార్జి చేయించక ఆగిపోయిన నంబరు కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇస్తారు. నా నోట్‌బుక్కులో పదేళ్ల కిందటి నంబర్లకు ఇప్పుడు ఫోన్ చేస్తే ఎవరెవరో ఎత్తుతారు. ఎత్తినవాళ్లలో ఎవరికైనా దురాలోచన పుడితే, పాస్‌వర్డు మర్చిపోయామని ఒక నొక్కు నొక్కడమే ఆలస్యం.

దీనికంతటికీ వేలిముద్రే మందు అని అనేవాళ్లున్నారు. పాస్‌వర్డులు వద్దు, వేలు పెడితే చాలు అని. వాళ్లకు ధర్మారం కథ చెప్పాలి. అది మీ పెద్దపల్లి జిల్లాలోదే, మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. 2018 జూన్‌లో బయటపడింది. సిమ్‌కార్డులు అమ్మే ఒకతనికి కంపెనీ టార్గెట్ ఉండేది, ఇన్ని సిమ్‌లు యాక్టివేట్ చేయాలని. అప్పట్లో సిమ్ యాక్టివేట్ చేయడానికి ఆధార్ వేలిముద్ర వాడేవాళ్లు. అతను రిజిస్ట్రేషన్ల శాఖ సైట్లోంచి భూముల దస్తావేజుల కాపీలు దించుకున్నాడు. దస్తావేజు మీద ఆధార్ నంబరుంది, బొటనవేలి ముద్రా ఉంది. ఆ ముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో రబ్బరు వేళ్లుగా మార్చి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. అతను ఏ సర్వర్‌లోకీ దూరలేదు. ఏ తాళమూ పగలగొట్టలేదు. సైటుకు హెచ్‌టీటీపీఎస్ ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే, ఎందుకంటే సైటే ఆ కాగితాన్ని అడిగినవాళ్లందరికీ చూపించింది.

పాస్‌వర్డు పోతే మూడు తీసేసి నాలుగు పెడతాను. బొటనవేలు పోతే ఏం పెట్టాలి సార్? పైగా మా దగ్గర వెదురు కోసే చేతులు, పత్తి ఏరే చేతులు ఎక్కువ. మిషను ఆ వేళ్లను అసలు మనిషి పెట్టినా ఒప్పుకోదు, రబ్బరుదైతే ఒప్పుకుంది.

ఇదంతా చదువురాని జనం సమస్య, అవగాహన సదస్సులు పెడితే పోతుంది అని మీ అధికారులు ఎవరైనా అంటే, దయచేసి 2023 మార్చిని గుర్తు చేయండి. మన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు లీకయ్యాయి. కమిషన్ ఆఫీసులో పనిచేసేవాళ్లే, పేపర్లున్న కంప్యూటర్‌లోకి ఇంకొకరి యూజర్ ఐడీ, పాస్‌వర్డుతో వెళ్లారని దర్యాప్తులో తేలింది. ఆ పాస్‌వర్డు డైరీలో రాసి ఉంటే చూసి రాసుకున్నామని నిందితులు చెప్పినట్టు అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఆ డైరీ మాట నిజమో కాదో కోర్టు తేల్చాలి. కానీ చదివిన రోజు నేను నా సొరుగు తెరిచి నోట్‌బుక్కును అట్లాగే చూస్తూ కూర్చున్నాను.

ఆ లీకుకు మా ఊరు కట్టిన ధర నేను దగ్గరినుంచి చూశాను. గ్రూప్-1కు 503 పోస్టులు. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాసినవాళ్లు రాష్ట్రంలో దాదాపు 2 లక్షల 86 వేల మంది. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది, ఈసారి బయోమెట్రిక్ తీసుకోలేదని. మీ ప్రభుత్వం వచ్చాక కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, 2024 జూన్ 9న మూడోసారి పెట్టారు. ఒకే పిల్లకు మూడు హాల్‌టికెట్లు నేనే ప్రింటు తీశాను. మూడోదానికి డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు. ఆమె బలవంతంగా పది రూపాయలు కౌంటర్ మీద పెట్టి పోయింది.

అంటే సార్, నోట్‌బుక్కు జబ్బు కాగజ్‌నగర్‌ది మాత్రమే కాదు, హైదరాబాద్‌లోనూ ఉంది. చాలామంది పాస్‌వర్డు ఎక్కడో ఒకచోట రాసుకుంటారు, లేదంటే ఇంకొకరికి చెప్తారు. వ్యవస్థ ఆ లెక్కతోనే కట్టాలి. ఒక మనిషి, ఒక ఫోను, ఒక ఈమెయిలు, ఇంగ్లిష్ చదివే రెండు కళ్లు అనుకుని కట్టిన లాగిన్ పేజీ మా ఊరికి రాగానే నా నోట్‌బుక్కుగా మారిపోతుంది. ఆ తప్పు లైన్‌లో కేకేసిన ఆ పెద్దాయనది కాదు.

నేనడిగేది ఏమిటంటే, నాకు నా సొంత లాగిన్ ఇప్పించండి. సర్కారు పనులు చేసిపెట్టే మీసేవ కేంద్రాల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది కదా. ఆపరేటర్ తన పేరు మీద లోపలికి పోతాడు, ఏ పని ఎవరు చేశారో లెక్క ఉంటుంది. మీసేవ చేయని పనులు, పౌరుడే సొంతంగా లాగిన్ అయి చేసుకోవాలన్న పనులు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని నిజానికి చేస్తున్నది నాలాంటి ఇంటర్నెట్ సెంటర్లవాళ్లే, కాకపోతే దొంగల్లాగా, ఆ పౌరుల వేషమేసుకుని. ఆ వేషం తీసేయనివ్వండి. నేను నా పేరుతో వస్తాను. ఆ పెద్దాయన ఈ ఒక్క పని వరకు, ఈ ఒక్క రోజు వరకు నాకు ఒప్పుదల ఇస్తాడు. పని అయిపోగానే తలుపు మూసుకుపోతుంది. ఫలానా షాపు నుంచి ఫలానా పని జరిగిందని ఆయన ఫోనుకు ఆయన భాషలో మెసేజీ వస్తుంది. ఫోను లేకపోతే నేను ప్రింటు తీసిస్తాను, ఆ కాగితం మీద నా పేరుంటుంది. నేను మోసం చేస్తే పట్టుకోవడానికి కాగితం ఉంటుంది, చేయకపోతే చేయలేదని చూపించుకోవడానికి నాకూ అదే కాగితం ఉంటుంది. ఇవాళ ఎవరి ఖాతాలోనైనా ఏదైనా జరిగితే మొదట అనుమానం నా మీదికే, కాదని రుజువు చేసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. నోట్‌బుక్కు మాత్రం ఉంది, అది నాకు వ్యతిరేక సాక్షి.

ఓటీపీ మెసేజీలు తెలుగులో, ఉర్దూలో పంపించడానికి ఖర్చెంతవుతుందో నాకు తెలియదు గానీ, మొదటి మాటే ఆ ఓటీపీ దేనికో చెప్పాలి. 'భూమి అమ్మకానికి' అని మొదటి ముక్కలో ఉంటే, స్కాలర్‌షిప్ కోసం వచ్చిన మనిషి అక్కడే ఆగుతుంది.

ఇంకొకటి. సైట్లో లోపం కనిపిస్తే చెప్పుకునే చోటు కావాలి. 2024 జూన్‌లో పోలీసుల హాక్-ఐ యాప్‌లోంచి జనం వివరాలు దొంగిలించి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టిన యువకుణ్ని మన పోలీసులే పోయి పట్టుకొచ్చారు. మంచి పని. కానీ అమ్మే ఉద్దేశం లేకుండా, 'సార్, మీ తలుపు తెరిచి ఉంది' అని చెప్పేవాడు కూడా భయపడాల్సిన పరిస్థితి ఉండొద్దు. ఒక సర్కారు సైట్లో చిరునామా చివర అంకె మారిస్తే ఇంకొకరి దరఖాస్తు తెరుచుకోవడం నేనే ఒకసారి చూశాను. అంకె తప్పుగా కొట్టడం వల్ల కనిపించింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెప్తే నువ్వెందుకు మార్చావు అని అడుగుతారని నోరు మూసుకున్నాను. కొన్ని నెలలకు అది సరిచేశారు. ఆ కొన్ని నెలలు నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంటాయి.

మీ శాఖలో ఎవరినైనా ఒకరోజు మా షాపుకు పంపండి. పెద్ద అధికారి అక్కర్లేదు, ఆ లాగిన్ పేజీలు రాసే పిల్లలెవరైనా చాలు. ముందురోజే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రమ్మనండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నడిచే రోజుల్లో వస్తే మంచిది. పొద్దున తొమ్మిదిన్నరలోపు వస్తే కూర్చోబెట్టి చాయ్ తాగించి నోట్‌బుక్కు చూపిస్తాను, పేర్ల మీద కాగితం కప్పి. పది దాటితే మాత్రం నిలబడే ఉండాలి, షాపులో ఉన్నవి మూడే కుర్చీలు.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటర్ యజమాని,
కాగజ్‌నగర్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా